కాస్త తడి ఉండగానే

ఆ ఏడు వానలు మొదలైన పదో రోజుకి పిన్ని లాండ్రీలో బట్టలు ఆరడం మానేశాయి. దండేల మీద చోటు లేదు. కిటికీ చువ్వలకి, కుర్చీల వీపులకి, మెట్ల పక్క ఇనుప కడ్డీలకి కూడా ఎవరెవరివో ప్యాంట్లు, దుప్పట్లు వేలాడుతుండేవి. ఏది ముట్టుకున్నా చల్లగా, జిగటగా తగిలేది. ఫ్యాను ఎంత తిరిగినా ఆ గాలి కూడా తడిదే. బట్టలిచ్చినవాళ్ళు గొడుగులు దులుపుకుంటూ వచ్చి "ఇవాళైనా ఇస్తారా?" అని అడిగితే, "ఆ మాట ఎండనడగండి, నన్నడిగి ఏం లాభం" అనేది పిన్ని.

సరిగ్గా అప్పుడే అమ్మ నన్ను పిన్ని దగ్గరికి పంపింది. నా పదో తరగతి అయింది. కాలేజీ తెరవడానికి ఇంకా మూడు నెలలుంది. "దాన్ని నీ దగ్గర ఉంచుకోవే చెల్లీ. దాని చేతుల సంగతి నీకు తెలుసుగా, అక్కడైతే దేనికైనా పనికొస్తుంది" అని అమ్మ ఫోన్లో చెప్పడం నేను గోడ పక్కనుంచి విన్నాను.

నా చేతుల సంగతి మా ఊరందరికీ తెలుసు. భయమేసినా, సిగ్గేసినా, ఎవరైనా నా వంకే చూస్తున్నా నా అరచేతులు సలసలా కాలతాయి. నాకేమీ కాదు. ముట్టుకున్నవాటికే అవుతుంది. మూడో తరగతిలో ఎక్కం అప్పజెప్పమని మాస్టారు లేపి నిలబెడితే, పలక చట్రం మీద నా వేళ్ళు గోధుమరంగులో అచ్చుపడ్డాయి. ఆ తర్వాత నన్ను చివరి బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ వెక్కిరించలేదు. చేతులు పట్టుకుని ఆడే ఆటల్లో మాత్రం నన్ను పక్కన నిలబెట్టి అంకెలు లెక్కపెట్టమనేవాళ్ళు. బడి పూర్తయ్యేసరికి లెక్కపెట్టడంలోనూ, మాట్లాడకుండా ఉండటంలోనూ నన్ను మించినవాళ్ళు లేరు.

పిన్ని బస్టాపుకి గొడుగు మర్చిపోయి వచ్చింది. నన్ను చూడగానే తడిచేత్తో నా చేయి పట్టుకుంది. చుయ్యిమని ఆవిరి లేచింది. నేను లాక్కోబోయాను. పిన్ని వదల్లేదు.

"అబ్బ, ఎంత హాయిగా ఉందే! నాలుగు రోజుల్నుంచీ వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆ రెండోది కూడా ఇటివ్వు" అంది.

బస్సు దిగినవాళ్ళు మమ్మల్ని తప్పుకుంటూ పోతున్నారు. వానలో, ఇద్దరం రెండు చేతులూ పట్టుకుని, మధ్యలో పొగలు కక్కుతూ నిలబడ్డాం. నా చేయి ఎవరైనా పట్టుకుని ఎనిమిదేళ్ళయిందని నేను పిన్నికి చెప్పలేదు.

లాండ్రీ పెద్దదేం కాదు. ముందు గదిలో బల్ల, దాని వెనక మూటల అరలు. మధ్య గదిలో రెండు వాషింగ్ మెషీన్లు, గంజి గిన్నె, ఇస్త్రీ బల్ల. వెనక గదే ఇల్లు. ఒక మంచం, ఒక పొయ్యి, గోడ మీద బాబాయి ఫొటో, కిటికీ పక్కన ఒక చేతుల కుర్చీ. పైన మూడంతస్తుల్లో అద్దెకున్నవాళ్ళ అడుగులు మా నెత్తి మీద వినిపిస్తుండేవి.

ఇస్త్రీ బల్ల దగ్గర ఒక ముసలాయన నలభై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. వీధంతా ఆయన్ని ఇస్త్రీ తాత అనే పిలుస్తుంది. ఆయన నోరూ ఇస్త్రీపెట్టే ఒకేసారి నడుస్తాయి.

"ఈ పిల్లేనా? పిచ్చుకలా ఉందే! ఏదీ మనవరాలా, ఈ దుప్పటి మీద ఓసారి చెయ్యి వెయ్యి, చూద్దాం."

ఆయన చూస్తున్నాడన్న సిగ్గే సరిపోయింది. దుప్పటి మీద అటోసారి, ఇటోసారి చేతులు రాశాను. ఆవిరి కప్పుదాకా లేచింది. దుప్పటి అట్టముక్కలా బిగుసుకుపోయింది.

తాత దాన్ని వేలి కణుపుతో కొట్టి చూశాడు. టకటకమంది. "దీన్ని తలుపుకి బదులు బిగించుకోవచ్చు" అన్నాడు. "ఇంతలా ఆరబెడితే ఇస్త్రీ పట్టదే పిచ్చితల్లీ. కాస్త తడి ఉండగానే నాకందివ్వాలి. ఆ కాస్త తడీ ఉంటేనే బట్ట చెప్పినట్టు వింటుంది."

వారం తిరిగేలోపు ఆ కాస్త తడి అంటే ఎంతో నా చేతులకి తెలిసిపోయింది. చుట్టుపక్కల లాండ్రీలన్నీ చేతులెత్తేస్తే మా బల్ల మీద మూటలు గుట్టపడ్డాయి. "మా ఇంట్లో ఎండ అద్దెకి దిగింది" అని తాత వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వాళ్ళు నన్ను చూడాలని లోపలికి తొంగిచూస్తే నేను దుప్పటి వెనక్కి తప్పుకునేదాన్ని.

పిన్ని నాకు గుర్తులు కుట్టడం నేర్పింది. లాండ్రీకి వచ్చిన ప్రతి బట్టకీ కాలరు లోపల, కాలరు లేకపోతే నడుము పట్టీ లోపల రంగు దారంతో ఒక గుర్తు కుడతారు. పై అంతస్తు నర్సు వాళ్ళది రెండు నీలం చుక్కలు. ఎదురింటి టీచరు వాళ్ళది పసుపు కొక్కెం. మాది మూడు ఎర్ర కుట్లు, వాటికి అడ్డంగా ఒక ఆకుపచ్చ కుట్టు. ఏ బట్ట ఏ ఇంటికి పోవాలో ఆ గుర్తే చెప్తుంది. వంద గుర్తులూ పిన్నికి నోటికొచ్చు. నెల రోజుల్లో నాకూ వచ్చేశాయి. ఆ వీధిలో మనుషులకన్నా వాళ్ళ కాలర్లతోనే నాకెక్కువ పరిచయం.

సాయంత్రం షట్టరు దించాక పిన్నీ నేనూ వెనక గదిలో ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం.

"మీ బళ్ళో స్నేహితులున్నారా?"

"లేరు పిన్నీ."

"అమ్మ ఎలా ఉంది? మోకాలు నొప్పి తగ్గిందా?"

"ఊ."

"ఇక్కడ బాగానే ఉందా నీకు?"

"ఊ."

ఆ తర్వాత వాన మాట్లాడేది. నేను తొందరగా తినేసి, తలుపు దగ్గర చాప వేసుకుని డైరీ రాసుకునేదాన్ని. పిన్ని బాబాయి కుర్చీ వంక చూస్తూ కాసేపు కూర్చుని మంచమెక్కేది. బాబాయి పోయి నాలుగేళ్ళు. పిన్నిని విసిగించకుండా ఉంటున్నాననీ, మంచి పిల్లననీ నేననుకునేదాన్ని.

ఎవరూ వచ్చి తీసుకెళ్ళని బట్టలు మూటల అరల్లో అన్నిటికన్నా పైన ఉంటాయి. ఊరొదిలిపోయినవాళ్ళవి, చనిపోయినవాళ్ళవి. వాటికి తాత ఒక పద్ధతి పెట్టాడు. ముందు గుర్తు పీకెయ్యాలి. తర్వాత మడిచి, తాడు కట్టి, పైన పడెయ్యాలి. వానాకాలంలో వాటిని ఎట్టి పరిస్థితిలోనూ వేలాడదియ్యకూడదు. ఎందుకని నేనడగలేదు. అడిగుంటే ఆయన సంతోషంగా గంటసేపు చెప్పేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం పిన్ని బట్టలివ్వడానికి వెళ్ళింది. తాత భోజనానికి వెళ్ళాడు. పై అరలోంచి ముక్కిన వాసన వస్తోందని నేను స్టూలెక్కి మూటలు దించాను. ఒక మూటలో నీలం చారల తెల్లచొక్కా దొరికింది. కుడి జేబు మీద చిన్న సిరామరక. ఫొటోలో బాబాయి తొడుక్కున్నది అదే. కాలరు లోపల గుర్తు లేదు. నాలుగు కుట్లు విప్పిన బెజ్జాలు మాత్రం ఉన్నాయి. తాతే విప్పి పైన పడేసి ఉంటాడు.

పిన్ని దగ్గర బాబాయి బట్ట ఒక్కటీ లేదని నాకు తెలుసు. పోయిన ఏడాది అమ్మతో చెప్పుకుని ఏడ్చింది కూడా. నాకు మాటలతో ఎవరినీ సంతోషపెట్టడం రాదు. ఇది చేతులతో చెయ్యగలిగిన పని. మూడు ఎర్ర కుట్లు, అడ్డంగా ఒక ఆకుపచ్చ కుట్టు కుట్టాను. నీళ్ళలో జాడించి, చేతులతో రాసి, తాతకి ఇచ్చే బట్టకి ఉంచినట్టే కాస్త తడి ఉంచాను. హ్యాంగరుకి తగిలించి, పిన్ని రాగానే కనిపించేలా వెనక గది కిటికీకి వేలాడదీశాను.

పిన్ని వచ్చి చూసింది. గొడుగు మూయడం మర్చిపోయింది. చొక్కా దగ్గరికి వెళ్ళి కాలరు తిప్పి చూసింది.

"నువ్వే కుట్టావా?"

"ఊ."

ఆమె నా తల నిమిరింది. ఆ ఒక్క క్షణం ఆ ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చింది.

పొద్దుగూకేవేళ షట్టరు దించి లోపలికి వస్తే హ్యాంగరు ఖాళీగా ఉంది. చొక్కా కుర్చీలో కూర్చుని ఉంది.

పడేసిన చొక్కాలా లేదు. భుజాలు నిండుగా ఉన్నాయి. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి ఉన్నాయి. బొత్తాలన్నీ పెట్టి ఉన్నాయి. కాలరు పైన, మొహం ఉండాల్సిన చోట, అద్దం మీద నోటితో ఊదినప్పుడు పట్టే మసకలాంటిది గాల్లో నిలిచి ఉంది. మనిషి ఆకారంలో చెమ్మ. చొక్కా కిందినుంచి కుర్చీ కాళ్ళ వెంబడి తడి జారుతోంది.

నా చేతులు భగ్గుమన్నాయి. ఒకడుగు వేశానో లేదో, పిన్ని నాకు అడ్డంగా చెయ్యి చాచింది.

"భయపెట్టకు. ఎవరో కాదే, మీ బాబాయి" అంది గుసగుసగా.

ఆ రోజునుంచి పిన్ని పెందలాడే షట్టరు దించేసేది. కుర్చీ ఎదురుగా పీట వేసుకుని ఆ రోజు జరిగినవన్నీ చెప్పేది. ఎవరు ఏ ప్యాంటు జేబులో ఏం మర్చిపోయారో, మెషీను ఎలా మొరాయించిందో, చిన్నప్పుడు మా అమ్మ తన జడ ఎలా కత్తిరించేసిందో. మధ్యమధ్యలో కాలరు కొంచెం ముందుకు వంగేది, వింటున్నట్టుగా. పిన్ని కడుపు పట్టుకుని నవ్వేది. మా అమ్మ జడ కత్తిరించిన సంగతి నాకప్పటిదాకా తెలియదు. నేను తలుపు దగ్గర చాప మీద పడుకుని, నాతో చెప్పని మాటలన్నీ వినేదాన్ని.

నాలుగో రోజుకి పిన్ని వేళ్ళు ముడతలు పడ్డాయి, రోజంతా నీళ్ళలో నానినట్టు. వారానికి జుట్టు ఆరడం మానేసింది. నడిచినచోటల్లా పాదాల తడి అచ్చులు. దగ్గు మొదలైంది. ఆమె చేయి పట్టుకుంటే నా అరచేతులు కాలుతూనే ఉన్నాయి గానీ ఆవిరి లేవలేదు. గోడకి చేతులు ఆనించినట్టుంది. ఆమెకి వేడి అందడం లేదు.

"జలుబే. వానాకాలం కదా" అంది పిన్ని, పెదవులు నల్లబడి.

తాత దగ్గర ఎక్కువ రోజులు దాగలేదు. మంచినీళ్ళకని వెనక గదిలోకి వచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. నీళ్ళు తాగకుండా తిరిగొచ్చి ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేశాడు. మెషీను చప్పుడు మాటున నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఆ గుర్తు ఎవరు కుట్టారు?"

నేను తల వంచుకున్నాను.

"వేలాడదీసింది?"

"నేనే తాతా."

"తడి పూర్తిగా తీశావా?"

"కాస్త ఉంచాను. మీరే చెప్పారుగా."

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఓరి నా నోరు పడ! ఇస్త్రీకి చెప్పాను తల్లీ, ఊపిరి పొయ్యడానిక్కాదు" అన్నాడు. ఆయన గొంతులో జోకు లేదు. "వానాకాలంలో గాలినిండా చెమ్మ ఉంటుంది. దానికి ఒళ్ళు లేదు, ఇల్లు లేదు. తొడుక్కోడానికి బట్ట, పోవడానికి గుర్తు దొరికితే అది మనిషిలా కూర్చుంటుంది. నువ్వు దానికి బట్టిచ్చావ్, ఇంటి గుర్తిచ్చావ్, పైగా నీ చేతివేడి ఇచ్చావ్. ఇంకేం కావాలి? ఇక కూర్చున్నచోటి మనిషి వేడి తాగుతుంది. మీ పిన్నిలో వేడి ఎన్నాళ్ళుంటుందనుకున్నావ్? వానలు ఆగేదాకా బతకదు మీ పిన్ని."

"మీరు గుర్తు పీకెయ్యండి తాతా."

"నా చేతికి రాదు. ఎవరు కుట్టింది వాళ్ళే విప్పాలి. దారానికి ఆ చెయ్యే తెలుసు."

పిన్నికి చెప్తాననుకున్నాను. రెండు రోజులు మాటలు కూడబలుక్కున్నాను. డైరీలో రాసి చూసుకున్నాను కూడా. పిన్ని ఎదురుగా నిలబడేసరికి గంజి గిన్నె అందుకుని వచ్చేశాను.

నాకన్నా ముందు పిన్నే మాట్లాడింది. ఒక పొద్దున పై అరలోంచి మూడు బట్టలు దించి నా ముందు పెట్టింది. నర్సు వాళ్ళ చనిపోయిన అమ్మ స్వెట్టరు. మూల మీది గడియారాల షాపాయన తమ్ముడి కోటు. మూడోది ఎదురింటి టీచరు కూతురి గౌను. ఆ పిల్ల ఆరేళ్ళప్పుడు పోయిందట. ఉతకడానికి ఇచ్చిన గౌను తీసుకెళ్ళడానికి టీచరు మళ్ళీ రాలేదు.

"పాపం, వీళ్ళు మాత్రం ఎంతకాలం ఒంటరిగా ఉంటారే?" అంది పిన్ని దగ్గుతూనే. "వీళ్ళ గుర్తులు నువ్వే కుట్టు. మొన్న చొక్కాకి ఎలా చేశావో అలాగే చెయ్యి. సాయంత్రం వాన తెరిపివ్వగానే నేనిచ్చొస్తా. ఎవరి మనిషి వాళ్ళకి."

ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. ఎవరికో మేలు చెయ్యబోతున్నవాళ్ళ కళ్ళు అవి. వద్దు అనే మాట చిన్నది. అది కూడా నాకు రాలేదు. రెండు నీలం చుక్కలు కుట్టాను. గడియారాల షాపు వాళ్ళ నల్ల గీత కుట్టాను. పసుపు కొక్కెం కుట్టాను. చేతులతో రాసి, కాస్త తడి ఉంచి, మధ్య గది దండేనికి మూడింటినీ తగిలించాను. పిన్ని ముందు గదిలోకి వెళ్ళింది.

తాత బల్ల వెనక నిలబడి నన్నే చూస్తున్నాడు. 

మధ్యాహ్నానికి గౌను నడుము దగ్గర నిండింది. గాలి లేదు. ఫ్యాను ఆపేసి ఉంది. గౌను అంచు మాత్రం అటూ ఇటూ ఊగుతోంది, వరుసలో నిలబడి విసుగొచ్చిన చిన్నపిల్లలు ఊగినట్టు. ఎదురింటి టీచరు మా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కోసారి నన్ను చూసి నవ్వేది. ఏం చదివావమ్మా అని అడిగేది. నేను జవాబు చెప్పేలోపు ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. ఆ సాయంత్రం ఆమె తలుపు తీసి ఆ గౌనుని లోపలికి పిలుస్తుంది. పిలవకుండా ఎలా ఉంటుంది?

సూది తీసుకుని గౌను దగ్గరికి వెళ్ళాను. అది ఊగడం ఆపింది. పసుపు దారం కింద సూదిమొన దూర్చి లాగాను. నడుము దగ్గర గాలి తీసేసినట్టు గౌను చప్పబడింది. నాలుగు చుక్కలు నేల మీద పడ్డాయి. స్వెట్టరు విప్పాను. కోటు విప్పాను. వాటికింకా ఇల్లు దొరకలేదు కాబట్టి పెనుగులాడలేదు.

"ఇంకొకటుంది" అన్నాడు తాత.

"తెలుసు."

ముందు గదిలో పిన్ని ఎవరితోనో మాట్లాడుతోంది. నర్సనుకుంటా. "మరక పోవాలంటే నిన్ననే ఇవ్వాల్సింది మీరు, ఇప్పుడా" అంటోంది. మధ్యలో దగ్గు. దగ్గు ఆగాక మళ్ళీ "ఏం కాదు, జలుబు" అనే మాట.

నేను వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను.

అది కుర్చీలోనే ఉంది. పదిహేను రోజుల్లో అది చిక్కబడింది. మసకలో ముక్కులాంటిది, చెవుల్లాంటివి తేలాయి. మణికట్ల చివర వేళ్ళు మొదలై ఆగిపోయాయి. నా చేతులు ఎంత కాలుతున్నాయంటే పట్టుకున్న సూది ఎర్రబడింది. దగ్గరికి వెళ్తే కాలరు నా వైపు తిరిగింది. నన్నేం చెయ్యలేదు. నా వేడి మాత్రం జిల్లున లాగేసుకుంది. మోచేతుల దాకా చల్లబడ్డాయి. ఆ తర్వాత భుజాలు. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చలెయ్యలేదు. చలంటే ఇలా ఉంటుందన్నమాట, పిన్ని ఇన్ని రోజులుగా దీంట్లోనే ఉందన్నమాట అనుకున్నాను.

కాలరు పట్టుకున్నాను. అది తల వంచింది. చొక్కా కాలరు సర్దడానికి ఇంట్లోవాళ్ళు దగ్గరికొస్తే మనుషులు ఎలా వంచుతారో అలా. దానికెవరు నేర్పారో నాకు తెలియదు. నేను విప్పడానికి వచ్చానని దానికీ తెలియదు.

ఆకుపచ్చ కుట్టు ముందు తీశాను. మూడు ఎర్ర కుట్లూ ఒకదాని తర్వాత ఒకటి.

చొక్కా కుర్చీలో కూలబడింది. బిందె బోర్లించినట్టు నీళ్ళు నేలంతా పరుచుకుని, మంచం కిందికి, గోడ వారకి, నా పాదాల మీదికి వచ్చాయి.

తలుపు తెరుచుకుంది. పిన్ని నీళ్ళ వంక చూసింది. కుర్చీలో చొక్కా వంక చూసింది. నా చేతిలో దారం ముక్కల వంక చూసింది. నేను ఏమైనా అంటానేమోనని కాసేపు ఆగింది.

"బకెట్టు పట్రా" అంది.

ఇద్దరం నేల తుడిచాం. ఆమె ఒకవైపునుంచి, నేనొకవైపునుంచి. మూడు బకెట్లయ్యాయి. చొక్కాని పిన్ని గట్టిగా పిండి, ఉతకాల్సిన బట్టల్లో పడేసింది.

తర్వాత పిన్ని నాతో మాట్లాడలేదు. "దుప్పట్లు" అనేది, "గంజి" అనేది, "షట్టరు" అనేది. అంతే. ఆమె వేళ్ళ ముడతలు మూడు రోజుల్లో పోయాయి. దగ్గు వారంలో తగ్గింది. పెదవులకి రంగు వచ్చింది. తాత ఆమెని నవ్వించాలని జోకులన్నీ వేసి చూశాడు. ఒక్కదానికీ నవ్వకపోయేసరికి ఆయన కూడా నోరు కట్టేసుకుని ఇస్త్రీపెట్టె ఒక్కటే నడిపాడు. సాయంత్రాలు పిన్ని కుర్చీ వైపు వీపు పెట్టి కూర్చుని తినేది. నేను మంచి పని చేశానని తాత రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

వానలు వెనకబట్టాయి. ఒకరోజు పొద్దున లేచేసరికి వీధంతా ఎండ. పైవాళ్ళు డాబా మీద దుప్పట్లు ఆరేసుకున్నారు. మా బల్ల మీద గుట్టలు తరిగిపోయాయి. ఎవరూ నన్ను చూడాలని లోపలికి తొంగిచూడలేదు. కాలేజీ సోమవారం తెరుస్తారని అమ్మ ఫోను చేసింది.

నేను వెళ్ళే ముందురోజు తాత సెలవు పెట్టాడు. పిన్నే ఇస్త్రీ చేస్తోంది. నేను కింద కూర్చుని మడతలు పెడుతున్నాను. ఎండ గుమ్మందాకా వచ్చింది. 

"అది ఆయన కాదని నాకు మొదటి రోజే తెలుసు" అంది పిన్ని హఠాత్తుగా, తలెత్తకుండా.

నేను చేస్తున్న మడత ఆపేశాను.

"ఆయన కుర్చీలో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చునే మనిషేనా? నేనేదైనా చెప్తుంటే మధ్యలో లేచి వెళ్ళి కుళాయి కట్టేసొచ్చేవాడు. వచ్చి, ఏమన్నావ్ అనేవాడు. ఇరవై ఏళ్ళలో నా మాట ఒక్కటి చివరిదాకా విన్న పాపాన పోలేదు." ఆమె కొంచెం నవ్వింది. చొక్కా తిప్పి వేసింది.

"మరి?" అన్నాను.

"అది వినేదిగా."

చొక్కా చేతులు రెండూ ఇస్త్రీ చేసింది.

"నువ్వొస్తున్నావంటే ఎంత సంబరపడ్డానో తెలుసా? ఇంట్లో మాటకి తోడు దొరుకుతుందనుకున్నా. నువ్వేమో ఊ, లేదు, సరే. మూడు మాటల మనిషివి. ఇంకొకటి అడిగేలోపు వెళ్ళి ఆ పుస్తకంలో రాసుకుంటావు. అందులో అన్నన్ని పేజీలు ఏం రాస్తావో, అందులో ఒక్కటి నాకు చెప్తే ఏం పోయిందో." కోపంగా అనలేదు. మరక ఎక్కడ పడిందో చూపిస్తున్నట్టు అంది.

నాకు చెప్పాలనిపించింది, నేనూ మాటకి తోడు లేకుండానే ఉన్నానని. ఈ గదిలో, తలుపు దగ్గర, ఆమె మాటలు దొంగతనంగా వింటూ. ఆమె మంచం మీద, నేను చాప మీద, మధ్యలో నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ చాలని ఒక చెమ్మ వచ్చి కూర్చుంది. ఇదంతా నాకు తెలుసు. నోట్లోకి మాత్రం రాలేదు. చేతులు కాలడం మొదలుపెట్టాయి. మడతపెట్టిన బట్టలు మాడిపోతాయని వాటిని ఎత్తి గాల్లో పట్టుకున్నాను.

"ఒకసారి మా క్లాసులోకి దూడ వచ్చింది పిన్నీ" అన్నాను.

అదెందుకు వచ్చిందో నోట్లోకి, తెలియదు. అంతకుముందు అది నేనెవరితోనూ అనలేదు. అనదగ్గ విషయం కూడా కాదు.

పిన్ని ఇస్త్రీపెట్టెని నిలబెట్టింది.

"వచ్చి?" అంది.

నిజానికి అది గుమ్మంలో నిలబడి, ఒకసారి అరిచి, వెళ్ళిపోయింది. జరిగింది అంతే. పిన్ని నా వంకే చూస్తోంది, బల్ల మీదికి రెండు మోచేతులూ ఆనించి. "వచ్చి, మాస్టారి కుర్చీ దగ్గరికెళ్ళింది" అన్నాను. "అయ్యో! ఆయనేమన్నాడు?" అంది పిన్ని. ఆయన బల్లెక్కాడన్నాను. హాజరుపట్టీ సగం నమిలేసిందన్నాను. నా పేరున్న పేజీయే నమిలిందా అని పిన్ని అడిగితే, అవును, అదే అన్నాను. గొంతు ఎండిపోతోంది. అంతసేపు మాట్లాడటం నాకదే మొదలు. చివరికి మా అటెండరు దాన్ని చెవి పట్టుకుని బయటికి తోలేశాడని చెప్పాను. పిన్ని నవ్వుతూ కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఇస్త్రీపెట్టె మీదికి చెయ్యి చాచింది. దూడ వెళ్ళిపోతే ఇక చెప్పడానికేమీ లేదు.

నేను దాన్ని మళ్ళీ క్లాసులోకి తీసుకొచ్చాను.